చిన్నోడి టిఫిన్ బాక్సులో హుక్సులు

2021 ఆగస్టు 31 రాత్రి పదింటికి మిషను ముందు కూర్చున్నాను. కుట్టడానికి కాదు, విప్పడానికి. తెల్లారితే మా పెద్దదానికి బడి. యూనిఫాం ప్యాంటు తొడిగి చూస్తే చీలమండ మీద నాలుగు వేళ్ళంత పైకి ఉంది.

ఆ ప్యాంటు 2019 జూన్‌లో, అది ఏడో తరగతికి వెళ్తున్నప్పుడు నేనే కుట్టాను. ఎదిగే పిల్లల బట్టలకి కింద మూడంగుళాల మడత లోపలికి పెట్టడం నాకు అలవాటు. ఏడాదికి ఒకటిన్నర అంగుళం విప్పుకుంటూ పోతే రెండేళ్ళు గడిచిపోతాయని లెక్క. మధ్యలో కరోనా వచ్చి బడే ఉండదని ఆ లెక్కలో లేదు. 2020 మార్చి 16న మూసిన బడి దానికి మళ్ళీ తెరుచుకుంది 2021 ఫిబ్రవరి 24న. అప్పుడు ఒకటిన్నర అంగుళం విప్పాను. సరిగ్గా నాలుగు వారాలు వెళ్ళింది, మార్చి 24 నుంచి మళ్ళీ మూత. మిగిలిన ఒకటిన్నర ఇదిగో ఇప్పుడు.

విప్పి పరిచి చూస్తే రెండు గీతలు. పైది ఏడో తరగతి గీత, కిందది ఎనిమిదో తరగతి గీత. పైనంతా గుడ్డ ఉతికి ఉతికి వెలిసిపోయింది. గీతల మధ్య పట్టీ ఓ మోస్తరుగా ఉంది. అడుగు పట్టీ మాత్రం తాను లోంచి కోసినప్పటి ముదురు నీలంలోనే ఉంది. మడతలో పేరుకున్న మట్టిని పాత బ్రష్షుతో సబ్బు పెట్టి రుద్దాను, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. కింది గీత సగం పోయింది. పైది కదల్లేదు.

"అమ్మా, ఇది కనిపిస్తది."

"ఎవరు చూస్తారే కాళ్ళ దగ్గర?"

"మొహానికి మాస్కు ఉంటది కదా. ఇంక చూసేది కాళ్ళే."

నిజమే అనిపించింది. కానీ కొత్తది కుడదామంటే ఆ యూనిఫాం గుడ్డ బడి కౌంటర్లోనే కొనాలి. అసలు రేటు తెలిసిన దర్జీదాన్ని కాబట్టి ఆ కౌంటర్ దగ్గర నాకు వచ్చే కోపం మామూలుగా ఉండదు. ఫీజుల సంగతి ఎత్తితే ఈ పోస్టు మొత్తం అటే పోతుంది. ఫీజులు పెంచొద్దు, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి అని తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లోనే 46 నంబరు జీవో ఇచ్చింది. ఆ జీవో ఫోన్లో పెట్టుకుని ఆఫీసు రూము ముందు మా ఆయన ఎన్నిసార్లు నిలబడ్డాడో ఆయనకే తెలుసు. వదిలేయండి.

చిన్నోడి కథ వేరు. వాడు బడికి చివరిసారి వెళ్ళింది యూకేజీలో. ఒకటో తరగతి మొత్తం ఫోన్లోనే అయిపోయింది. ఇప్పుడు రెండో తరగతి. వాడి నిక్కర్లు విప్పడానికి మడతలు సరిపోవు, అవి ఎప్పుడో మా ఆడపడుచు కొడుక్కి వెళ్ళిపోయాయి. టిఫిన్ బాక్సు కోసం వెతికితే అది నా షెల్ఫులోనే దొరికింది, నిండా జాకెట్ హుక్సులతో. లాక్‌డౌన్‌లో ఎప్పుడు పోశానో నాకే గుర్తులేదు. మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. అది వాడి బొమ్మ కారు చక్రానికి ఉంది.

మా వాడు అంకెలు నేర్చుకున్నది నా టేపు మీద. ఖమ్మంలో ఎండలు మండే ఆ నెలల్లో నేను మిషను తొక్కుతుంటే కింద చల్లగా ఉంటుందని గచ్చు మీద పడుకుని టేపు చదివేవాడు. ఒకటి నుంచి అరవై దాకా గడగడా చెప్పేస్తాడు, అక్కడ ఆగిపోతాడు. "అరవై తర్వాత ఏందిరా?" అంటే "అయిపోయింది" అంటాడు. నిజంగానే టేపు అక్కడ అయిపోతుంది. వెనక్కి తిప్పితే సెంటీమీటర్లు 150 దాకా ఉంటాయి కానీ ఆ వైపు నేను వాడను, వాడూ నేర్వలేదు. టీవీ పాఠాలు చూపిద్దామంటే టీశాట్‌లో, యాదగిరి చానెల్లో వచ్చేవి మూడో తరగతి నుంచి పైవాళ్ళకే. అక్కకి అవి పనికొచ్చాయి. వీడికి నా ఫోనే దిక్కు. ఆ ఫోనుకి క్లాసు మధ్యలో "అక్కా, నా జాకెట్టు అయిందా?" అని కాల్స్. వాడే ఎత్తి "ఇంకా కాజాలు కుట్టాలంట" అని చెప్పి పెట్టేసేవాడు.

ఇక్కడ టీచరమ్మ గురించి చెప్పాలి. వాళ్ళ బడిలో ప్రైమరీ చెప్పే ఆమే, మా వాడి యూకేజీ టీచరు. 2020 జూన్‌లో ఒక చీర తెచ్చింది ఫాల్ వేయమని. ఇచ్చేసి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, "ఇది నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడతది అక్కా?" అని అడిగింది. ఏప్రిల్ నుంచి జీతం లేదని ఆ తర్వాత చెప్పింది. నేర్పడానికి ఏముంది, చేతి కుట్టు ఆమెకి ముందే వచ్చు. వారంలో ఫాల్స్, హెమ్మింగు, హుక్సులు అన్నీ పట్టేసింది. నాకంటే కుట్టు సన్నగా వేస్తుంది, ఇది నా గిరాకీలకి చెప్పకండి.

ఏడాది పైన రోజూ పదకొండింటికి వచ్చి మూడింటి దాకా కూర్చునేది. సూది కదులుతూనే ఉండేది, పక్కన మా వాడు పలక మీద రాస్తూ ఉండేవాడు. పలకబలపం అయిపోతే నా మార్కింగ్ చాక్‌తో రాసేవాడు. మేమెవరం అనుకోకుండానే వాడికి ఆమె ఆంటీ అయిపోయింది.

2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకి ప్రభుత్వం నెలకి 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బియ్యం రేషన్ షాపులో తీసుకోవాలి. ఆ రోజు టీచరమ్మ ఆలస్యంగా వచ్చింది. లైన్లో ముందున్న మనిషి ఆమె దగ్గర చదివిన పిల్లాడి తండ్రట. "మాస్కు ఉండబట్టి సరిపోయింది అక్కా" అని నవ్వి సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. మిర్చి యార్డులో గుమాస్తా పని చేసే మా ఆయనకి పని లేదు. మా అత్తమ్మ పద్నాలుగు రోజులు వెనక గదిలో ఉంది. బయటపడింది, దేవుడి దయ. కానీ ఆ దగ్గు చాన్నాళ్ళు పోలేదు. అందుకే సెప్టెంబరు 1న బడులు తెరుస్తామన్నప్పుడు ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ముందు రోజే హైకోర్టు పిల్లల్ని రమ్మని బలవంతం చేయొద్దంది. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "చిన్నోడు తెస్తే అమ్మకే ప్రమాదం" అన్నాడు. అత్తమ్మేమో, "నా పేరు చెప్పి వాడిని మొద్దుని చేయకండి" అంది. చివరికి పెద్దది 1న వెళ్ళింది, గీతల ప్యాంటుతోనే. చిన్నోడిని వినాయక చవితి దాటాక, 13న సోమవారం పంపాం.

పంపాం అని ఒక్క ముక్కలో రాశాను గానీ ఆ పన్నెండు రోజులు ఇంట్లో జరిగింది యుద్ధం. ఏడాదిన్నరగా మా ఇంట్లో తెల్లవారేది తొమ్మిదింటికి. టిఫిన్ పదకొండింటికి, స్నానం ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. ఆరింటికి లేపితే వాడు కూర్చునే నిద్రపోయేవాడు. నేను మాత్రం తక్కువా? రాత్రి పన్నెండు దాకా మిషను తొక్కడం నాకూ అలవాటైపోయింది. ఇద్దరికీ బాక్సులు కట్టే చెయ్యి మర్చిపోయాను. మొదటి రోజు పెద్దదానికి పులిహోర పెట్టి చెంచా పెట్టలేదు. షూస్ లేసులు కట్టడం వాడికి రాదు, రెండో తరగతి పిల్లాడు. ఎవరు నేర్పారు గనక? ఇంట్లో చెప్పులు కూడా వేసుకోలేదు వాడు.

పిల్లల ఆటో ఆయన మళ్ళీ వచ్చాడు. మొన్నటిదాకా అదే ఆటోలో టమాటాలు, వంకాయలు వేసుకుని వీధుల్లో తిరిగాడు. వెనక కట్టిన తూకం కొక్కెం ఇంకా అలాగే ఉంది. పిల్లల వాటర్ బాటిళ్ళు ఇప్పుడు దానికే తగిలిస్తున్నాడు.

13న సాయంత్రం వాడు దిగాడు. బ్యాగు విసిరేసి ఏడుపు మొహంతో నిలబడ్డాడు. క్లాసులో అందరి ముందూ "ఆంటీ, పెన్సిల్ ముక్కు విరిగింది" అన్నాడంట. అందరూ నవ్వారంట. "ఆంటీ కూడా నవ్విందమ్మా" అన్నాడు, అదీ అసలు బాధ. అవును, ఈ ఏడు వాడి క్లాసు టీచరు ఆమే.

నిన్న ఆదివారం ఆమె వచ్చింది, పూర్తి చేసిన ఫాల్స్ ఇవ్వడానికి. చిన్నోడు గచ్చు మీద నుంచి దిగ్గున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ ఏమని పిలవాలో తేలలేదు. ఆమెకి అర్థమైంది. "ఇక్కడ ఆంటీనే. కూర్చో" అంది. వాడు కూర్చున్నాడు, కానీ చేతులు విప్పలేదు.

"బడి నడుస్తోంది కదా టీచరమ్మా, ఇంకా ఈ పనెందుకు? కళ్ళు పోతాయి" అన్నాను.

"జీతం సగమే ఇస్తున్నారు అక్కా. బతుకమ్మకీ, దసరాకీ చీరలు వస్తాయిగా, నాకు పక్కన పెట్టు. రాత్రులు కుడతా."

మూడు చీరలు కవర్లో పెట్టి ఇచ్చాను. చిన్నోడు గేటు దాకా మోసుకెళ్ళాడు.