స్పిండిల్ మౌల్డర్‌కు పవర్ ఫీడర్: పని ఎంతవరకు వచ్చిందంటే

స్పిండిల్ మౌల్డర్ అంటే నిలువు ఇరుసు (స్పిండిల్) మీద తిరిగే కట్టర్‌తో చెక్క అంచులను తీర్చే యంత్రం. చెక్కను చేత్తో తోయకుండా మోటారు చక్రాలతో ఆ కట్టర్ మీదుగా నడిపే పవర్ ఫీడర్ ఇప్పుడు దాని బల్ల మీదకెక్కింది. స్టాండు చాలా బరువు, పైగా చేయి చాచినప్పుడు బల్లను గట్టిగా లాగుతుంది. అందుకే ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించి, పోత ఇనుప బల్లకే రంధ్రాలు వేయించి, మరలు కోయించి బోల్టులతో బిగించాను. క్లాంపులు దీనికి చాలవు.

మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్, ఫీడర్ మోటారేమో త్రీ ఫేజ్. మధ్యలో వీఎఫ్‌డీ పెట్టాను, అంటే సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చి, మోటార్ వేగాన్ని కూడా మార్చే పరికరం. సింగిల్ ఫేజ్ మీద నడిచే మామూలు వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజే, 415 కాదు. కాబట్టి కొనేముందు మోటార్ నేమ్‌ప్లేట్ మీద 230/400 అని ఉందో లేదో చూడండి. ఉంటే టెర్మినల్ పెట్టెలో పట్టీలు మార్చి 230 వోల్టులకు తగిన డెల్టా కనెక్షన్ ఇస్తే సరిపోతుంది. వేగం మరీ తగ్గించి ఎక్కువసేపు నడపకూడదు. మోటార్ ఫ్యాను కూడా నెమ్మదించి వేడెక్కుతుంది, మన ఎండాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు.

అసలు పనంతా సెట్టింగులోనే ఉంది. చక్రాలను చెక్క మందం కన్నా సుమారు 3 మి.మీ. కిందికి దించాను. ఫీడర్‌ను ఫెన్స్‌కు (చెక్క ఆనుకుని జరిగే నిలువు పలకకు) సమాంతరంగా పెట్టకూడదు. చెక్క బయటికి వెళ్లే వైపు రెండు మూడు మి.మీ. ఫెన్స్‌కు దగ్గరగా ఉండాలి, అప్పుడే చెక్కను ఫెన్స్‌కు అదిమిపెట్టి నడుపుతుంది. మూడు చక్రాల్లో ఒకటి కట్టర్‌కు ముందు, రెండు తర్వాత ఉంచాను, చివరి ముక్కను కూడా పూర్తిగా బయటికి లాగెయ్యాలి కదా. బల్లకు మైనం రుద్దాను. సిలికాన్ స్ప్రే మాత్రం వద్దు, తర్వాత పాలిష్ పట్టదు.

స్పిండిల్ 6000 ఆర్‌పీఎం, కట్టర్‌కు రెండు బ్లేడ్లు. నిమిషానికి 8 మీటర్ల చొప్పున నడిపితే లెక్క ప్రకారం 0.67 మి.మీ.కి ఒక కోత పడాలి. కానీ రెండు బ్లేడ్లలో ఒకటి వెంట్రుకవాసి ముందుకు ఉంటుంది, చెక్క మీద దాని గుర్తులే మిగులుతాయి. అంటే 1.33 మి.మీ.కి ఒకటి. టేకు బీడింగ్ మీద అవి వేలికి తెలుస్తున్నాయి. 4 మీటర్లకు తగ్గించాక నునుపు వచ్చింది, ఇసుక కాగితం పని బాగా తగ్గింది. చేత్తో తోసేటప్పుడు పట్టు మార్చుకున్న చోటల్లా పడే నల్లటి కాలిన మచ్చలు ఇప్పుడు ఒక్కటీ లేవు. నాకు అన్నిటికన్నా ఆనందం ఇదే.

భద్రత కోసం ఒక పని తప్పనిసరిగా చేయండి. స్పిండిల్ ఆగిపోయినా ఫీడర్ తిరుగుతూ ఉంటే ఆగిన బ్లేడ్ల మీదకి చెక్కను నెట్టేస్తుంది. అందుకే స్పిండిల్ మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్ (విద్యుదయస్కాంత స్విచ్) లోని అదనపు కాంటాక్టును వీఎఫ్‌డీకి నడవమని ఆదేశమిచ్చే రన్ టెర్మినల్‌కు కలిపాను. స్పిండిల్ స్విచ్ ఆపినా, కరెంటు పోయినా రెండూ కలిసే ఆగుతాయి.

పొడవాటి బీడింగ్ వెనక వైపు వాలిపోకుండా ఒక రోలర్ స్టాండు చేయాలి. చక్రాల మధ్య దూరం కన్నా పొట్టి ముక్కలు దీనిలో పెట్టకూడదు, వాటిని పొడవుగానే నడిపి తర్వాత కోస్తున్నాను.