ఒక్కరోజు తేడా: అనంతపురం వాన లెక్క, మూడో వారం

మా మిద్దె మీద నేను కొలిచిన వానకూ వాతావరణ శాఖ లెక్కకూ తేడా ఎక్కడుందో ఈ రాత్రి పదకొండింటికి దొరికింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. అయినా ఇప్పుడే రాసేయాలనిపించి కూర్చున్నాను.

భారత వాతావరణ శాఖ గ్రిడ్ ఫైళ్ళు, అంటే దేశాన్ని గళ్ళుగా విడదీసి ఒక్కో గడికి ఏ రోజు సగటున ఎంత వాన పడిందో చెప్పే ఫైళ్ళు, 1901 నుంచి అన్నీ దిగాయి. నెలవారీ సగటుల్లో మనకు సెప్టెంబరే పెద్ద వాన నెల అని తేలింది.

గొడవంతా రోజువారీ లెక్కలోనే. మా మిద్దె మీది గేజ్ (వాన కొలిచే పాత్ర) కొలతల నోటుబుక్కు మూడేళ్ళది ఉంది. దాన్ని అనంతపురానికి దగ్గరి గడితో, అంటే 14.75 ఉత్తరం, 77.5 తూర్పుతో పోల్చాను. ఒక సెప్టెంబరు రాత్రి మా గేజ్‌లో 31 మి.మీ. పడింది. ఫైల్లో ఆ తేదీకి సున్నా, మరుసటి తేదీకి 22. ఇలాంటివి పేజీకి రెండు మూడు కనిపించాయి.

తప్పు గడి తీశానేమో అని మొదటి అనుమానం. గ్రిడ్ 6.5 ఉత్తరం, 66.5 తూర్పు దగ్గర మొదలవుతుంది. పావు డిగ్రీకో గడి కాబట్టి సున్నా నుంచి లెక్కిస్తే మనది నిలువుగా 33, అడ్డంగా 44. అదే తీశాను. తర్వాత లీపు సంవత్సరంలో ఒక రోజు తప్పిపోయిందేమో అని అనుమానం. రోజుకు 135 × 129 గళ్ళు, గడికి 4 బైట్లు, మొత్తం 69,660. 366 రోజులకు 2,54,95,560. ఫైలు సైజు సరిగ్గా అంతే ఉంది. నాలుగు రాత్రులు ఇక్కడే పోయాయి.

అసలు సంగతి ఉదయం 8:30. వాతావరణ శాఖ వాన లెక్కలో రోజు అప్పుడు ముగుస్తుంది. 12వ తేదీ కింద కనిపించేది 11 ఉదయం 8:30 నుంచి 12 ఉదయం 8:30 దాకా పడిన వాన. మన దగ్గర సాయంత్రం ఉరిమి రాత్రి కురిసే వానలే ఎక్కువ. నేను పొద్దున్నే కొలిచి, రాత్రి పడింది కదా అని నిన్నటి తేదీ కింద రాసేవాణ్ణి. సరే, నా తేదీలన్నీ మరుసటి రోజుకు జరిపాను. చాలావరకు కుదిరాయి. కానీ రెండో ఏడు జులై, ఆగస్టు మాత్రం అంతకుముందు బాగున్నవి కాస్తా చెడిపోయాయి!

నోటుబుక్కు తీస్తే ఆ పేజీల్లో పెన్సిల్ రాత. అమ్మది. ఆ రెండు నెలలు నేను ఊళ్ళో లేను. మా గేజ్ మూతి 200 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 20 మి.లీ. నీళ్ళకు ఒక మి.మీ. అమ్మ ప్రతి కొలతకూ భాగహారం కూడా వేసింది: "260 ÷ 20 = 13". తేదీ మాత్రం కొలిచిన రోజుది. పద్ధతి ప్రకారం అదే సరైనది. ఆ పేజీలను జరపకుండా వదిలేస్తే అవీ కుదిరాయి.

ఇంకా కుదరనివి ఎక్కువగా మే నెల ఉరుముల వానలు. గడి ఒక్కో వైపు దాదాపు 27 కిలోమీటర్లు. పంగల్ రోడ్డు తడిసి బళ్ళారి బైపాస్‌లో దుమ్ము లేచే రోజులు మనకు తెలిసినవే. ఆ సగటులో మా మిద్దె వాన కలిసిపోతుందని నా ఊహ.

యూరప్ వాళ్ళు గంటగంటకూ ఇచ్చే వాతావరణ లెక్క ఈఆర్ఏ5తోనూ ఇదే చిక్కు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రోజు ప్రకారం కూడితే మనకు ఉదయం 5:30కి రోజు మారుతుంది. మన 8:30 అక్కడ సరిగ్గా 3:00, కాబట్టి గంటల లెక్క తీసుకుని అక్కడ తెంచితే చాలు. విలువలు మీటర్లలో ఉంటాయి, వెయ్యితో గుణించాలి. ఈ పనికి పైథాన్‌లోని ఎక్స్‌అర్రే చాలా హాయి. వాతావరణ శాఖ ఫైళ్ళు చదివే ఐఎండీలిబ్ కూడా మంచిదే, కానీ ఒక్క ఫైలైనా పైథాన్‌లోనే ఉండే అంకెల పనిముట్టు నంపైతో సొంతంగా చదివితేనే లోపల ఏముందో అర్థమవుతుంది. తేదీలు మాత్రం 2024-06-12 పద్ధతిలోనే రాయండి, రోజూ నెలా తారుమారు కావు.

తర్వాతి పని చెనక్కాయ ఊడలు దిగే రోజుల్లో వరసగా ఎన్నాళ్ళు వాన లేదో లెక్కతీయడం. వాతావరణ శాఖకు 2.5 మి.మీ. పడితే వానరోజు. రైతుకు అది చాలదు, పదును, అంటే సేద్యానికి సరిపడా నేల తడి, కావాలి. అమ్మ పుట్టిల్లు కళ్యాణదుర్గం వైపు, సేద్యం చేసిన ఇల్లు. ఆదివారం నోటుబుక్కు ముందు పెట్టి, ఏ వానను పదును అంటుందో అమ్మతోనే టిక్కులు పెట్టిస్తాను.