ఏ నెల ఆదాయం చెప్పమంటావమ్మా?

పోలవరం ముంపు గ్రామాల్లో కుటుంబాల వివరాలు రాసుకోవడానికి వెళ్లిన రోజుల్లో నా చేతిలో ఎనిమిది పేజీల ఫారం ఉండేది. ఇంటి యజమాని పేరు, పట్టా భూమి, గోడ మట్టిదా ఇటుకదా, పశువులెన్ని, చెట్లెన్ని. నాలుగో పేజీలో ‘కుటుంబ నెలసరి ఆదాయం’ అని ఒక గడి. పాపికొండల దగ్గర ఒక కొండరెడ్ల ఊళ్లో, అరుగు మీద కూర్చుని కొండచీపుళ్లు కట్టలు కడుతున్న అవ్వను ఆ ప్రశ్న అడిగాను.

“ఏ నెల ఆదాయం చెప్పమంటావమ్మా?” అంది, చేతిలో పని ఆపకుండానే.

తెలుసుకుందామనే అడిగింది. సంక్రాంతి వెళ్లాక చీపుళ్లు. శివరాత్రి నాటికి చింతపండు. ఎండలు ముదిరితే ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. వానలు పడ్డాక వెదురు కొమ్ములు, పోడులో జొన్న, సామ. జీలుగు కల్లు దిగే రోజుల్లో ఇంటిల్లిపాదికీ అదే సగం తిండి. ఆ జీలుగు చెట్టు కొండ మీద ఉంది. అది ఎవరి చెట్టో ఊరంతటికీ తెలుసు, రెవెన్యూ రికార్డుకు మాత్రం తెలియదు. ఫారంలో ‘చెట్లు’ అంటే పట్టా భూమిలో ఉన్నవే.

గడి ఖాళీగా వదలవద్దని మాకు ముందే చెప్పారు. రెండు వేలు అని రాశాను. ఆ అంకె నేను వేసిందే, అవ్వ చెప్పింది కాదు. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు.

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం, భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా వేయాలంటుంది. గ్రామసభను సంప్రదించాలి, బహిరంగ విచారణ జరపాలి, నివేదికను నిపుణుల బృందం పరిశీలించాలి. అడవి ఫలసాయం ఏరుకుని బతికేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు కూడా బాధిత కుటుంబాలేనని అందులో స్పష్టంగా ఉంది. అయితే అదే చట్టం ఆరో సెక్షన్‌లో ఒక మినహాయింపు పెట్టారు. పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి అయిన సాగునీటి ప్రాజెక్టులకు ఈ సామాజిక అంచనా నిబంధనలు వర్తించవు. ఊళ్లకు ఊళ్లను ముంచేవి ఆ ప్రాజెక్టులే. వాటినే ఎలా వదిలేశారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా నాన్నగారిది శ్రీశైలం ముంపు ఊరు. 1981లో ఖాళీ చేయించారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దాన్ని పట్టుకుని దశాబ్దాలుగా తిరిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. పరిహారం డబ్బు ఏమైంది, పిల్లలు ఎక్కడ తేలారు అని పదేళ్లకైనా మా ఇంటికి వచ్చి అడిగినవాళ్లు లేరు. అందుకే నేను అవ్వను వెతుక్కుంటూ పునరావాస కాలనీకి వెళ్లాను.

శ్లాబు ఇల్లు, కరెంటు, గుమ్మం ముందు రోడ్డు. మనవరాలు బడికి నడిచి వెళ్తోంది. పాత ఊళ్లో పురుడు కష్టమైతే పడవ కోసం చూడాల్సి వచ్చేది, ఇప్పుడు అంబులెన్సు ఇంటి దాకా వస్తుంది. వీటిని తక్కువ చేసి చెప్పను, అవ్వ కూడా చెప్పలేదు. నాకు భోజనం పెడదామని మనవడిని దుకాణానికి పంపింది. వాడు పావుకిలో చింతపండు పొట్లం తెచ్చాడు. అవ్వ దాన్ని విప్పి, నిమ్మకాయంత తీసి నీళ్లలో వేసి, మిగిలింది మళ్లీ జాగ్రత్తగా మడిచి డబ్బాలో పెట్టింది. పాత ఇంట్లో అటక మీద ఏడాదికి సరిపడా చింతపండు గంపల్లో ఉండేది. ఈ ఖర్చు ఏ అంచనాలో ఉంది?

పోలవరంలో ముంపును నీరు నిలిచే ఎత్తును బట్టి, 41.15 మీటర్ల కాంటూరు (సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తు గీత) వరకు ఉన్న ఊళ్లు ముందు, 45.72 వరకు ఉన్నవి తర్వాత ఖాళీ చేయాలని విడగొట్టారు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు, ‘తర్వాత’ అన్న ఊళ్లలోకీ నీళ్లు వచ్చాయి. ఒక ఊరు వెళ్లి, పక్క ఊరు ఉండిపోతే చేబదులు ఎవరిని అడగాలి, పురుడుకు ఎవరు రావాలి, సంబంధాలు ఎక్కడ చూసుకోవాలి? ఏ ఫారంలోనూ ఈ ప్రశ్నలకు గడి లేదు.

ఇంకా ఖాళీ కాని ఊళ్లకు చీపుళ్లు కోసే రోజుల్లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ఒక్కో ఇంటికి పన్నెండు గడుల కాగితం ఒకటి గీసుకున్నాను. తెలియని నెల ఖాళీగానే ఉంటుంది.