మా కాపర్‌బ్యాండ్ ముద్ద ముట్టింది

మొన్న సాయంత్రం మా కాపర్‌బ్యాండ్ చేప నీళ్లలో తేలుతున్న మైసిస్ అనే చిట్టి రొయ్యని లాక్కుని మింగింది. మింగి, ఇంకోదాని కోసం వెనక్కి తిరిగింది. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లకి ఈ మాట చాలు, నేనెంత సంబరంలో ఉన్నానో తెలిసిపోతుంది. మిగతావాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను. ఈ చేపని ముచ్చటపడి తెచ్చుకుని, అది రోజురోజుకీ చిక్కి చచ్చిపోతుంటే ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

కాపర్‌బ్యాండ్ సీతాకోకచిలుక చేపల్లో ఒకటి. తెల్లటి ఒంటి మీద నారింజ రంగు పట్టీలు, పై రెక్క చివర నల్లటి దొంగ కన్ను, ముందు పట్టకారు లాంటి పొడుగు మూతి. అండమాన్ సముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల దగ్గర దొరుకుతుంది. నా ట్యాంకులో పగడాలు లేవు. రాతి పగడాలు మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, అందుకని వాటి జోలికి నేను పోను. రాళ్లు, చేపలు, అంతే. ఆ రాళ్లతో పాటు ఐప్టేసియా వచ్చి చేరింది. గాజులా కనబడే చిన్న అనిమోన్ అది, అంటే రాయికి అతుక్కుని బతికే మెత్తటి సముద్రజీవి. కోసి పారేస్తే మిగిలిన ముక్కలోంచి మళ్లీ పుడుతుంది. దాన్ని తినే చేపల్లో కాపర్‌బ్యాండ్‌ది పెద్ద పేరు. అందుకే తెప్పించాను.

నీళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను: సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. వైజాగ్ ఎండలకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా ఆ 26 నిలబడదు, కాబట్టి అది ఉంది. చేపని వేరే తొట్టిలో ఉంచి ఒంటి పురుగులకి ప్రాజిక్వాంటెల్ అనే మందు వేశాను. రాగి మందు వెయ్యలేదు. ఈ జాతికి అది సరిగ్గా పడదు, ఉన్న ఆకలి కూడా చంపేస్తుంది.

చేపని తెప్పించింది చెన్నై కొళత్తూరులోని ఒక దుకాణం నుంచి. కొనేముందు అడిగాను, ఏం తింటోందని. "ఏదేసినా తింటది సార్" అన్నాడు. వీడియో పంపమంటే పంపాడు. అందులో చేప రాయిని పొడుస్తూ తిరుగుతోంది. "చూడండి, తింటానే ఉంది" అన్నాడు. తర్వాత ఒకసారి ఫోన్ చేస్తే దుకాణంలో కుర్రాడు ఎత్తి అసలు మాట చెప్పేశాడు: "అదా అన్నా, వీడియో తీసిన ముందు రోజే వచ్చింది." అంటే అది అక్కడ ఒక్క మెతుకు కూడా తినలేదు. ఆకలేసి ఏదైనా దొరుకుతుందేమోనని ఉత్త రాయిని వెతుక్కుంటుంటే, దాన్నే తిండి అని నాకు చూపించారు.

ఇక్కడి నుంచి మొదలైంది అసలు టెన్షన్. గడ్డకట్టిన మైసిస్ కరిగించి వేశాను. పచ్చిరొయ్య సన్నగా తరిగి వేశాను. చేప గుడ్లు వేశాను. అందరూ చెప్పే వెల్లుల్లి చుక్కలు కొని, తిండికి పట్టించి వేశాను. ఆ సీసాకి పెట్టిన డబ్బు దండగ, నా చేప విషయంలో అది ఎందుకూ పనికిరాలేదు. ఆర్టీమియా అనే నలుసంత ఉప్పునీటి జీవి గుడ్లు పొదిగించాను. ఉప్పునీళ్లు, 28 డిగ్రీల వేడి, గట్టి గాలి, వెలుతురు ఉంటే ఒక్క రోజులో పిల్లలు బయటికొస్తాయి. కింద దీపం పెడితే పిల్లలన్నీ అటు చేరతాయి, డొల్లలు పైకి తేలతాయి, అడుగు నుంచి పిల్లల్ని లాగేసుకోవచ్చు. పొదిగిన వెంటనే వెయ్యాలి, ఆలస్యమైతే వాటి ఒంట్లో ఉన్న బలం అవే వాడేసుకుంటాయి. ఇంత చేస్తే మా చేప ఒకటీ రెండూ నోట్లోకి తీసుకుని మళ్లీ ఊదేసేది. అరచేతిలో సగం ఉన్న చేపకి ఆ నలుసులు ఏ మూలకి వస్తాయి?

నాకు అంతుబట్టనిది ఒక్కటే. అది తిండిని చూడకపోవడం కాదు. దగ్గరికి వచ్చేది. ఒక కన్ను దాని వైపు పెట్టి, మూతి వెంట్రుకవాసి దూరంలో ఆపి, అలాగే చూసేది. నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. తర్వాత మెల్లగా పక్కకి తిరిగి వెళ్లిపోయేది. ప్రతిసారీ అంతే. జబ్బు చేసిన చేప తిండి దగ్గరికే రాదు. ఇది వచ్చి, చూసి, కాదని వెళ్తోంది. కళ్ల వెనక కండ కరిగి గుంట పడింది. పొట్ట లోపలికి పోయింది. ఆ గుంట కనబడిందంటే ఇంక ఎక్కువ సమయం లేదని లెక్క.

దుకాణదారుకి ఫోన్ చేశాను. "మీ నీళ్లలో ఏదో తేడా సార్. మీకు మెరైన్ కొత్తా?" అన్నాడు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాణ్ణి. టెస్ట్ కిట్ రంగులు ఫోటో తీసి పంపాను. ఇంక సమాధానం లేదు. మా ఊళ్లోనే ఒక పెద్దాయన, పెద్ద ట్యాంకులున్నాయన, నలుగురి ముందు "నీకెందుకయ్యా ఇలాంటివి, క్లౌన్ ఫిష్ పెంచుకో" అన్నాడు. సలహా అడగడానికి వెళ్లినవాణ్ణి తల దించుకుని వచ్చాను. అమ్మ మాట ఇంకా గుచ్చుకుంది. "మూగజీవాన్ని తెచ్చి పస్తులు పెడుతున్నావు కదరా" అంది. ట్యాంకు హాల్లోనే ఉంటుంది. దాని ఎదురుగా కూర్చుని అన్నం తినబుద్ధయ్యేది కాదు.

దారి చూపించింది మా బావ. మేనత్త కొడుకు, భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్. అలంకారపు చేపల గురించి ఆయనకి ఒక్క ముక్క తెలీదు. కానీ తిండి తినని తల్లి రొయ్యల చేత తినిపించడం రోజూ ఆయన చేసే పని. ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. "ఒరేయ్, దాని మూతి చూడు. అది సందుల్లోంచి పీక్కుని తినే జాతి. నువ్వేమో విస్తరేసి వడ్డిస్తున్నావు" అన్నాడు. మర్నాడు గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఏరిన గుల్లలు తెచ్చిపెట్టాడు, బతికున్నవి.

గుల్లల్ని ఒక రాత్రి శుభ్రమైన ఉప్పునీళ్లలో గాలి పెట్టి ఉంచాను, లోపలి ఇసుక కక్కేయడానికి. పొద్దున్నే చాకు దూర్చి, రెండు చిప్పల్నీ బిగించి పట్టుకునే కండలు కోసి, ఒక చిప్ప తీసేశాను. మాంసం ఉన్న చిప్పని రాళ్ల సందులో ఇరికించాను. మిగతా చేపలు ఎగబడకుండా మధ్యలో అడ్డు పెట్టాను. ఇది మర్చిపోవద్దు, ఎల్లో టాంగ్ లాంటి చురుకైన చేప ఒక్కటి ఉన్నా కాపర్‌బ్యాండ్ వంతు మిగల్చదు. లైటు తగ్గించి, నేను దూరంగా కూర్చున్నాను.

ఆ పూట ఏం జరగలేదు. తర్వాత పెట్టిన చిప్ప దగ్గర ఆగింది. ఎప్పటిలాగే ఒక కన్ను పెట్టి చూసింది. ఈసారి పక్కకి తిరగలేదు. తల కిందికి వంచి, మూతి చిప్ప అంచు కిందికి పోనిచ్చి, లేతగా వేలాడుతున్న కొస ఒకటి పట్టుకుంది. లాగింది. రాలేదు. వెనక రెక్కలు బిగించి మళ్లీ లాగింది. చిన్న పోగు ఊడి వచ్చింది. దాన్ని ఊసేసింది. నా గుండె ఆగినంత పనైంది. ఊసిన పోగు కింద పడకముందే మళ్లీ అందుకుని మింగేసింది. ఆ తర్వాత చిప్ప నున్నగా అయ్యేదాకా వదల్లేదు. అమ్మని పిలిచాను. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా నా పక్కనే నిలబడి చూసింది.

అక్కడి నుంచి మిగతాది ఓపికతో అయిపోయింది. గుల్ల మాంసంలోకి మైసిస్ కూరాను. తర్వాత మాంసం తగ్గించి మైసిస్ పెంచాను. తర్వాత ఖాళీ చిప్పలో మైసిస్ అద్ది పెట్టాను. చిప్పంటే తిండని దానికి నమ్మకం కుదిరింది కాబట్టి లోపల ఏముందని చూడలేదు. చివరికి చిప్ప పక్కనే పిప్పెట్‌తో నీళ్లలోకి వదిలాను. ఒక్కటే జాగ్రత్త: మిగిలిన గుల్ల మాంసం రెండు గంటలకి మించి ట్యాంకులో ఉంచకండి. కుళ్లి అమ్మోనియా పెరిగితే తిన్న చేప కూడా దక్కదు. దీని కడుపు చిన్నది, ఒకేసారి ఎక్కువ వెయ్యొద్దు. కొంచెం కొంచెంగా రోజుకి మూడు నాలుగు సార్లు వెయ్యాలి.

గొప్పగానే చెప్పుకుంటాను: అమ్మినవాడు ఒక్క పూట తినిపించలేని చేప నా ఇంట్లో తింటోంది. కానీ దుకాణాల మీద నా కోపం తగ్గలేదు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దిబ్బల్లో చట్టం కాదన్నా సైనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పట్టడం దశాబ్దాలుగా ఉంది. అలా పట్టినవాటికి లోపలి అవయవాలు దెబ్బతింటే ఎంత మంచి తిండి పెట్టినా లాభం ఉండదు. ఎక్కడ పట్టారో, ఎన్నాళ్లుగా తింటోందో చెప్పలేనివాడికి ఈ చేపని అమ్మే హక్కు లేదు. కొనేవాళ్లు వీడియో అడిగితే సరిపోదు. తిండి నీళ్లలో వేస్తున్న చెయ్యి, దాన్ని మింగుతున్న చేప, రెండూ ఒకే వీడియోలో కనబడాలి. కుదరదంటే డబ్బు పంపొద్దు.

ఇప్పుడు రాళ్ల మీద ఐప్టేసియా కూడా పలచబడుతోంది. కళ్ల వెనక గుంట పూడుతోంది. బావకి ఫోన్ చేసి చెబితే, "అయితే ఇంక గుల్లలు అక్కర్లేదా?" అన్నాడు. వారానికి ఒకసారైనా కావాలి బావా అన్నాను.