నెల్లూరు సెకనుకు 450 మీటర్లు

శనివారం, రాత్రి

ఇవాళ గడప దాటింది లేదు. వంటింటికీ పంచకూ మధ్య తిరగడంతోనే పొద్దుపోయింది. అయినా లెక్క కడితే, నెల్లూరుతో పాటు ఒక్క రోజులో సుమారు 38,800 కిలోమీటర్లు తూర్పుకు పోయినట్టే. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్లు కదులుతుంది. మన ఊరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి దాన్ని ఆ కోణపు కొసైన్‌తో, అంటే 0.968తో గుణించాలి. 450 మీటర్లు వస్తుంది. గంటకు 1,620 కిలోమీటర్లు. ఒంగోలు పోతే సెకనుకు ఓ రెండు మీటర్లు తగ్గుతుంది, అంతే.

ఈ అంకె వినగానే అందరూ అడిగేది ఒకటే: మరి మనం ఎగిరిపోమా? వేగం చూసి బెదరడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. మనిషిని విసిరేది వేగం కాదు, దిశ ఎంత గబగబా మారుతున్నదన్నది. తిరణాళ్లలో వేసే గొలుసుల రాట్నం తీసుకోండి. 5 మీటర్ల వ్యాసార్ధం, 6 సెకన్లకు ఒక చుట్టు అనుకుంటే దాని వేగం సెకనుకు 5.2 మీటర్లే, సైకిలు తొక్కేవాడు అందుకోగలడు. కానీ దిశ మార్పు వల్ల వచ్చే త్వరణం కోసం వేగాన్ని వర్గం చేసి వ్యాసార్ధంతో భాగిస్తే 5.5 వస్తుంది, గురుత్వ త్వరణం 9.8లో సగం పైమాటే. అందుకే కుర్చీలు అట్టా బయటికి తేలతాయి. అదే లెక్క నెల్లూరుకు వేస్తే 450 వర్గాన్ని 61,78,000 మీటర్లతో భాగించాలి. (ఇక్కడ పెట్టాల్సింది భూమి వ్యాసార్ధం కాదు, అక్షం నుంచి మన దూరం. చాలామంది తప్పేది ఇక్కడే.) జవాబు 0.033. ఆరు గంటలు గడిచాక గానీ దిశ 90 డిగ్రీలు మళ్లదు కదా, ఇంకెంత వస్తుంది!

బరువులో చెప్పుకుంటే, 60 కిలోల మనిషికి భూమి తిప్పుడు వల్ల తగ్గేది సుమారు 195 గ్రాములు. తక్కెడలో ఇది పట్టుబడదు, అవతలి తట్టలో రాళ్లూ అదే నిష్పత్తిలో తేలికవుతాయి. స్ప్రింగు కాటా కావాలి. ఇక్కడ 60 కిలోలు చూపిన కాటానే ఉత్తర ధ్రువానికి తీసుకుపోతే 60 కిలోల 300 గ్రాములు చూపిస్తుంది. ఆ తేడాలో మూడింట రెండొంతులు తిప్పుడు లేకపోవడం వల్ల. మిగతాది, ధ్రువాలు భూకేంద్రానికి 21 కిలోమీటర్లు దగ్గర కావడం వల్ల.

ఎదురింటి మిద్దె మీద గోడ లేస్తోంది. మేస్త్రి దారానికి గుండు కట్టి వదిలి, ఊగడం ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఆ దారం భూకేంద్రం వైపు చూస్తుందని బడిలో చెబుతారు గానీ, మన అక్షాంశంలో అది కేంద్రం గీతకు 0.09 డిగ్రీలు దక్షిణంగా ఒరుగుతుంది. 3 మీటర్ల గోడకు 5 మిల్లీమీటర్లు. గోడకేమీ కాదు, నేలా చెరువు నీళ్లూ కూడా ఆ ఒరుగుకు తగ్గట్టే సర్దుకుని ఉన్నాయి. భూమి నడుము ఉబ్బి ఉండటానికి కారణమే అది.

నిజంగా తేలిపోవాలంటే భూమి ఇప్పటికన్నా 17 రెట్లు వేగంగా తిరగాలి, అంటే రోజు 84 నిమిషాలకు కుదించుకుపోవాలి. అప్పుడైనా మొదట తేలేది భూమధ్యరేఖ మీదివాళ్లు, మన వంతు తర్వాత. పోనీ, తిప్పుడు ఇట్టాగే ఉంచి గురుత్వాకర్షణ ఒక్కటే మాయమైందనుకుందాం. రాకెట్టులా దూసుకుపోతామని ఊహిస్తారు. అట్టా జరగదు. మనం నేరుగా తూర్పుకే పోతుంటాం, నేల కింద వంపు తిరిగి జారుకుంటుంది: మొదటి సెకనులో 1.6 సెంటీమీటర్లు, పది సెకన్లకు 1.6 మీటర్లు, నిమిషానికి 57 మీటర్లు.

తిరుగుతున్నట్టు మనకు తెలియకపోవడానికి ఇంకో కారణం చెవిలో ఉంది. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు తిప్పుడు మారితేనే పసిగడతాయి. కళ్లు మూసుకుని తిరిగే కుర్చీలో ఒకే వేగంతో తిరిగినా కాసేపటికి ఆ భావన పోతుంది. భూమి తిరిగేదేమో నిమిషానికి పావు డిగ్రీ, అది కూడా పుట్టినప్పటి నుంచీ మారకుండా.

గాల్లోకి అర సెకను ఎగిరితే నేల 225 మీటర్లు ముందుకు పోవాలి కదా అంటారు. పోతుంది, మనమూ పోతాం, గాలీ పోతుంది. ఒక్క చిన్న తేడా: పైనున్నదానికి తూర్పు వేగం ఇసుమంత ఎక్కువ. 15 మీటర్ల చెట్టు నుంచి రాలిన టెంకాయ నిట్టనిలువు గీతకు 1.2 మిల్లీమీటర్లు తూర్పున పడుతుంది. గాలి తోపు దాన్ని మించి ఉంటుంది కాబట్టి ఎవరూ చూడలేరు.

ఈ వేగాన్ని వాడుకునేవాళ్లు శ్రీహరికోటలో ఉన్నారు (2022 దాకా మన జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లా). తూర్పుకు వదిలిన రాకెట్టుకు కావలసిన 7,800లో 450 మీటర్ల వేగం ఊరికే దక్కుతుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు మాత్రం ఇది కలిసిరాదు.

తిప్పుడు కళ్లతో చూడాలంటే లోలకమే దారి. కింద నేల తిరిగేకొద్దీ అది ఊగే గీత మెల్లగా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 1851లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో పారిస్ పాంథియన్‌లో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీశాడు. ఇంటి మెట్ల ఖాళీలో 5 మీటర్ల ఎత్తు దొరికితే మనమూ చెయ్యొచ్చు: 1 మిల్లీమీటరు స్టీలు తీగ, 7.26 కిలోల షాట్‌పుట్ గుండు, పైన తీగను పట్టుకోవడానికి డ్రిల్లు చక్ (డ్రిల్లు మిషనులో బిట్టును బిగించే భాగం). కొక్కేనికి ముడేస్తే ఒక పక్కకు ఒకలా, ఇంకో పక్కకు ఇంకోలా ఊగుతుంది, చక్ అయితే చుట్టూ సమంగా పట్టుకుంటుంది. ఫ్యాన్లు ఆపి, గుండును నూలుదారంతో 50 సెంటీమీటర్లు పక్కకు లాగి కట్టి, కదలిక పూర్తిగా ఆగాక అగ్గిపుల్లతో దారం కాల్చాలి. చేత్తో వదిలితే చెడిపోతుంది. నెల్లూరులో ఊగే గీత గంటకు 3.7 డిగ్రీలు గడియారం ముల్లు తిరిగే వైపు జరుగుతుంది, పూర్తి చుట్టుకు నాలుగు రోజులు. అంత నిదానం కావడమే చిక్కు. గుండు నేరుగా కాకుండా 1 సెంటీమీటరు వెడల్పు కోడిగుడ్డు గీతలో ఊగిందంటే, ఆ వంకరే గీతను గంటకు దాదాపు 11 డిగ్రీలు తిప్పేస్తుంది, అది కూడా ఏ వైపుకైనా. దీనికి విరుగుడు, పై నుంచి 30 సెంటీమీటర్ల కింద 4 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఇత్తడి రింగు. తీగ సరిగ్గా దాని నడుమ ఉండాలి. ప్రతి ఊపు చివరా తీగ రింగుకు తగిలి అడ్డ కదలిక చచ్చిపోతుంది. ఊపు 33 సెంటీమీటర్లకు తగ్గాక తీగ రింగును అందుకోదు, కాబట్టి కొలత ఆ లోపే తీసుకోవాలి.