విదేశాంగం ఢిల్లీ ఒక్కదానిదేనా?

ఫిషింగ్ హార్బర్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన "ఫారిన్ పాలసీ మొత్తం ఢిల్లీదే, మనకేంటి సంబంధం" అని తేల్చేశాడు, నేను ఊరుకోలేకపోయా.

2011లో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లేటప్పటికి బంగ్లాదేశ్‌తో తీస్తా నది నీళ్ల ఒప్పందం దాదాపు సిద్ధం, అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి, కేంద్రంలో కూటమి భాగస్వామి అయిన మమతా బెనర్జీ ఒప్పుకోలేదు, సంతకం పడలేదు. నిజానికి రాజ్యాంగం 253వ అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందాల అమలుకి పార్లమెంటు ఏ చట్టమైనా చేయొచ్చు. కానీ కాగితం మీద అధికారం వేరు, లోక్‌సభలో సీట్ల లెక్క వేరు. 2013లో శ్రీలంక తమిళుల విషయంలో తమిళనాడు పార్టీ డీఎంకే అప్పటి కేంద్ర పాలక కూటమి యూపీఏ నుంచి బయటికొచ్చేసింది, ఆ ఏడాదే కొలంబోలో జరిగిన కామన్వెల్త్ సదస్సుకి ప్రధాని వెళ్లలేదు. బెల్జియంలో అయితే 2016లో వలోనియా అనే ఒక్క ప్రాంతం అడ్డం తిరిగి కెనడాతో యూరోపియన్ యూనియన్ వాణిజ్య ఒప్పందాన్నే కొన్నాళ్లు ఆపేసింది!

మరి మన ఆంధ్రా వాళ్లం? రొయ్యల ఎగుమతిలో దేశంలో ముందున్నది మనమే, అమెరికా సుంకం పెంచితే దెబ్బ మన చెరువులకే. 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ బయటపడలేదు. మన ఎంపీలు స్టీల్ ప్లాంట్ గురించి అరుస్తారు (అరవాలి కూడా), సముద్రం అవతలి విషయాలకి మాత్రం ఒక ఉత్తరంతో సరిపెడితే ఎలా?