నాన్న మాట కోసం మేము చేసిన ప్రార్థన

స్ట్రోక్ వల్ల నాన్న మెదడులో ఎడమ భాగం దెబ్బతింది. కుడి చెయ్యి, కాలు కొద్దికొద్దిగా స్వాధీనంలోకి వచ్చాయి. మాట మాత్రం రాలేదు. మేం చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. నీళ్లు కావాలంటే ఆ పదం దొరక్క, ఏదో శబ్దం చేసి ఆగిపోయేవారు. దీన్ని అఫేజియా అంటారని, మొదటి నెలల్లో మెరుగుదల ఎక్కువ కనిపిస్తుందని, ఆ తర్వాత కూడా నెమ్మదిగా కొనసాగవచ్చని డాక్టర్ చెప్పారు.

మా ప్రార్థన ఒక్కటే. ప్రభువా, నాన్నకు మాట ఇవ్వు. కుటుంబ ప్రార్థనలో అదే, ఉపవాస ప్రార్థనలో అదే, రాత్రి నిద్ర పట్టనప్పుడు నేను మనసులో అనుకున్నదీ అదే.

దేవుడు ప్రార్థనకు అవును, కాదు, ఆగు అని మూడు రకాలుగా జవాబిస్తాడని సంఘంలో చాలాసార్లు విన్నాను. అది నిజమే అయినా, ఆ మధ్యలో ఉన్నవాళ్లకు పెద్దగా ఉపయోగపడదని నాకు అనిపించింది. 'కాదు'కీ 'ఆగు'కీ తేడా మనకు తెలియదు కదా, రెండూ మౌనంగానే ఉంటాయి. ఆ మౌనంలో నాకు ఆసరా అయింది బైబిల్లోని కీర్తనలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తనలో దావీదు నేరుగా అడుగుతాడు. 88వ కీర్తన అయితే చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన వాక్యంలో ఉంచాడంటే, మా టెన్షన్‌ను ఆయన దగ్గర దాచాల్సిన పని లేదని ధైర్యం వచ్చింది.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో, తమ సోదరుడు లాజరు జబ్బుపడినప్పుడు మార్త, మరియ యేసుకు పంపిన కబురు చూడండి. "నీవు ప్రేమించువాడు రోగియై యున్నాడు." అంతే, ఏం చెయ్యాలో చెప్పలేదు. యేసు ఆ కబురు విని కూడా ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. ఆయన వారిని ప్రేమించాడని ఆ ఆలస్యం గురించి చెప్పే ముందే రాసి ఉంది. మాటలు కూడదీసుకోలేనంత అలసిపోయిన రోజుల్లో నేను ఆ ఒక్క వాక్యాన్నే నాన్న పేరుతో ప్రార్థించేదాన్ని.

పరామర్శకు వచ్చిన ఒకరు బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా సంగతి ఎత్తారు. దేవదూత మాట నమ్మనందుకు ఆయన మూగవాడయ్యాడు కాబట్టి మా ఇంట్లోనూ విశ్వాస లోపం ఉందేమో చూసుకోమన్నారు. నాన్న ఆ మాట విన్నారు, జవాబు చెప్పే వీలు లేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడైనను వీని కన్నవారైనను కాదని యేసు చెప్పాడు. రోగి మంచం దగ్గర కూర్చునేవాళ్లు ముందు ఆ వచనం గుర్తుచేసుకోవాలి.

ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన చివర అందరం పరలోక ప్రార్థన మొదలుపెట్టాం. "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" దగ్గర ఇంకో గొంతు కలిసింది. నాన్న. కొన్ని పదాలు ముద్దగా వచ్చినా, ఆమేన్ వరకు మాతో పాటు చెప్పారు. అమ్మ మధ్యలోనే ఏడ్చేసింది. వెంటనే నేను నీళ్లు చూపించి "నాన్నా, ఇవేంటి?" అని అడిగితే మళ్లీ పాత శబ్దమే.

స్పీచ్ థెరపిస్ట్‌కు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. అంకెలు, పాటలు, ఏళ్ల తరబడి వల్లెవేసిన ప్రార్థనలు అఫేజియా ఉన్న కొందరిలో నిలిచి ఉంటాయట. అప్పటికప్పుడు వాక్యం కూర్చుకోవడం వేరు, నోటికి అలవాటైనది పలకడం వేరు. 1970లలో రూపుదిద్దుకున్న మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీలో రాగాన్ని పట్టుకుని మాటను రాబట్టే ప్రయత్నం చేస్తారని, నాన్నకూ అది మొదలుపెడదామని చెప్పారు.

"అయితే అది ప్రార్థన జవాబు కాదన్నమాట" అని మా బంధువు ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. నాన్న ఆ ప్రార్థన నేర్చుకున్నది చిన్నప్పుడు, వాళ్లమ్మ ఒళ్లో. అప్పటి నుంచి దాదాపు రోజూ చెప్పారు. "వారు వేడుకొనకమునుపు నేను ఉత్తరమిచ్చెదను" అని యెషయా 65లో ఉన్నది మా ఇంట్లో ఇలా నెరవేరిందని నమ్ముతున్నాను. మేం అడగడానికి ఎన్నో ఏళ్ల ముందే దేవుడు నాన్నలో ఆ మాటలు భద్రపరిచాడు. మెదడు ఎలా పనిచేస్తుందో తెలియడం వల్ల ఆ మెదడును చేసినవాడి పట్ల నా కృతజ్ఞత తగ్గలేదు.

తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుడు అగస్టీన్ తల్లి మోనికా కథ అప్పుడు నాకు కొత్తగా అర్థమైంది. కొడుకు ఓడెక్కి ఇటలీ వెళ్లకూడదని ఆమె రాత్రంతా ప్రార్థించింది, అతను వెళ్లిపోయాడు. అక్కడే, మిలాన్‌లో, బిషప్ ఆంబ్రోస్ బోధ విన్నాడు, 387లో ఆయన చేతనే బాప్తిస్మం పొందాడు. ఆ రాత్రి అడిగింది దొరకలేదు గానీ ఆమె ఏళ్ల తరబడి దేనికోసం కన్నీళ్లు పెట్టుకుందో అది, కొడుకు క్రీస్తును నమ్మడం, దొరికింది. మేమూ మాట అడిగాం. దాని అడుగున ఉన్న కోరిక, నాన్న మళ్లీ మాతో కలవాలని. అది ముందు దొరికింది.

ఇప్పుడు 'నీళ్లు' రాగంతో అంటే వస్తోంది. ఇంకొన్ని పదాలు కూడా. చాలా మిగిలే ఉంది. ఇక చాలు, ఉన్నదానికి స్తోత్రం చెప్పి ఆపెయ్యమని కొందరి సలహా. అపొస్తలుడు పౌలు తన శరీరంలో 'ముల్లు' అని చెప్పుకున్న బాధ గురించి మూడుసార్లు వేడుకుని ఆగింది, "నా కృప నీకు చాలును" అని ప్రభువే చెప్పాక. మాకు అలాంటి మాట రాలేదు, అందుకే అడగడం ఆపలేదు. ప్రస్తుతం నాన్న అమ్మ పేరు పలకడం సాధన చేస్తున్నారు. రోజూ ప్రార్థనలో దాని గురించే అడుగుతున్నాం.